కెప్టెన్ అడగని పేరు

ఇండోర్ టూరుకు వెళ్లే పదిహేను మంది జట్టులో శ్రీలత పేరు లేదు. దక్కన్ మహిళా క్రికెట్ సంఘం పొద్దున ఆ సంగతి బయటపెట్టగానే శంషాబాద్ చుట్టుపక్కల ఆట తెలిసిన ప్రతి ఇంట్లో ఒకటే ప్రశ్న పుట్టింది. రెండేళ్లుగా అందరికంటే ఎక్కువ వికెట్లు తీసిన ఎడమచేతి స్పిన్నర్‌ను ఎవరు తీసేశారు? కెప్టెన్ సంతోషికి కూడా ఆ వార్త అందరితో పాటే, ఫోన్లోనే తెలిసింది. విమానం ఎక్కేముందు జట్టంతా కలుసుకునే హోటల్ దగ్గర ఆమె ఆటో దిగేసరికి, గేటు ముందు కిట్ బ్యాగు భుజాన వేసుకుని శ్రీలత నిలబడి ఉంది. పోయిన వారం వాళ్లిద్దరినీ అక్కడే ఎదురెదురుగా వదిలేశాం.

శ్రీలత బ్యాగు దించి సంతోషి కాళ్ల ముందు ధబ్బున పడేసింది.

“తీస్కో. ప్యాడ్లు, గ్లౌజులు, బాళ్లు అన్నీ ఉన్నయ్. నా జాగాల ఎవలొస్తున్నరో ఆమెకియ్యి. మంచిగ ఆడుకోమని చెప్పు.”

“శ్రీలతా, జర నా మాట ఇను...”

“ఏం ఇనాలె? కెప్టెన్ మేడమే వద్దన్నదంట గదా! హరనాథ్ సార్ మా బాపుకు ఫోన్ చేసిండు. ‘మేమందరం పెడదామనే అనుకున్నం, కెప్టెనే అడగలే’ అన్నడంట. ఫోన్ పెట్టేసినంక మా బాపు నా మొకం గూడ చూడలే. ‘ఆ కొత్వాల్‌గూడ సంతోషి మనింట్ల తిన్నది గదనే’ అన్నడు. గంతే.”

సంతోషికి చెంప మీద కొట్టినట్టయింది.

“నేను వద్దన్ననా? నేనా?”

“మరెవలన్నరు, మా బర్రె అన్నదా? కొత్తూరు ఫ్యాక్టరీల సెలవడిగితే ఇయ్యలే. కొలువే ఇడిసిపెట్టి వచ్చిన. ఎందుకు? ‘ఇండోర్ల రైల్వే జట్టోళ్లు చూడనీకి వస్తరు, వాళ్ల కండ్లల్ల పడితే నీకు జిందగీ మొత్తం కొలువు’ అని చెప్పింది ఎవలు? నువ్వు! నాకు ఇదే ఆఖరు ఏడు. మా ఇంట్ల ఇంకో ఏడు ఆగరు. గది గూడ నీకు తెలుసు. అన్నీ తెలిసే...”

పైనుంచి విమానం దిగుతోంది. ఆ చప్పుడులో మాట వినబడదు. శంషాబాద్ చుట్టుపక్కల వాళ్లకు ఇదొక అలవాటు. నెత్తి మీద విమానం పోతుంటే తిట్టు కూడా సగంలో ఆపుతారు, పోయాక ఆపిన దగ్గరి నుంచే అందుకుంటారు. ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూస్తూ నిలబడ్డారు. శ్రీలత ముక్కుపుటాలు అదురుతున్నాయి. సంతోషి పిడికిళ్లు బిగిసి ఉన్నాయి. విమానం ప్రహరీ అవతలికి జారిపోయింది.

“...అన్నీ తెలిసే నా గొంతు కోసినవ్!” అని ముగించింది శ్రీలత.

 హరనాథ్ మొన్న తనకు చేసిన ఫోన్ సంతోషికి మొదటి నుంచీ గుర్తుకొస్తోంది.

ఆ సంఘంలో జట్టును ఎంచేది నలుగురు సెలెక్టర్లు. కెప్టెన్‌కు ఓటు లేదు, వాళ్లు కూర్చునే గదిలో కుర్చీ కూడా లేదు. సమావేశానికి ముందు కన్వీనర్ హరనాథ్ ఆమెకు ఫోన్ చేసి ఎవరు కావాలో అడుగుతాడు. ఆమె చెప్పిన మాట మోసుకెళ్లి లోపల చెబుతాడు. కెప్టెన్ గొంతు ఆ గదిలోకి పోవాలంటే హరనాథ్ నోట్లోంచే పోవాలి.

ఆ ఫోన్ వచ్చినప్పుడు కెప్టెన్ ఎవరైనా చేసే పని ఒకటే. ఎవరి జాగా ఊగుతోందో వాళ్ల కోసం కొట్లాడుతుంది. ఖాయంగా ఉన్నవాళ్ల పేరు ఎత్తదు. ఎత్తిందంటే, వాళ్ల మీద కూడా ఏదో అనుమానం ఉందేమోనని లోపలివాళ్లకు తానే అందించినట్టవుతుంది.

మొన్న సంతోషి విమానాశ్రయం కార్గో షెడ్డులో డ్యూటీలో ఉండగా ఫోన్ వచ్చింది. హరనాథ్ చాలా దిగులుగా మాట్లాడాడు. కీపర్ మనీషా వేలు వాచిందట. వైస్ కెప్టెన్ అరుణ మోకాలు వంగడం లేదట. ఓపెనర్ బ్యాటు ఆడడం లేదని సెలెక్టర్లు గుర్రుగా ఉన్నారట. ఒక ఫాస్ట్ బౌలర్‌కు జ్వరమట. సంతోషి షెడ్డు చివర పెట్టెల మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఆ నలుగురి కోసం ప్రాణం పెట్టి వాదించింది. నలుగురినీ పెట్టిస్తానని హరనాథ్ మాటిచ్చాడు. ఇంటికి పోయి అమ్మ శివమ్మకు గర్వంగా చెప్పుకుంది కూడా: “నాలుగుకు నాలుగు గెలిచినమ్మా!”

ఆ సంబరంలో అయిదో పేరు నోటికి రాలేదు. రావాల్సిన పని ఉందని తోచనే లేదు.

ఇప్పుడు తోచింది. తోచగానే ఆమె ఒళ్లు భగ్గుమంది. వంగి శ్రీలత బ్యాగు ఎత్తి తన భుజానికి తగిలించుకుంది. రెండో చేత్తో శ్రీలత మణికట్టు పట్టుకుంది.

“నడువు.”

“ఏడికి? ఇడువు నన్ను!”

“లోపలికి. నా మాట ఆయన నోట్లకెల్లి ఎట్లెట్ల పోయిందో నీ ముంగటనే అడుగుత. అబద్ధమని తేలితే అప్పుడు తిట్టు. చెప్పుతోని కొట్టు, పడుత.”

* * *

హరనాథ్ హోటల్ భోజనాల హాలులో మూల బల్ల దగ్గర పెరుగన్నం తింటున్నాడు. హైదరాబాద్‌లో ముప్పై ఏళ్లుగా ఉంటున్నా ఆయన మాటలో గుంటూరు పోలేదు. కోపం వచ్చినా గొంతు పెంచడు. ఆయనంటే ఆడపిల్లలు భయపడేది అందుకే. కిటికీ అద్దంలోంచి బయట జట్టు బస్సు కనిపిస్తోంది. భోజనాలు ముగించిన అమ్మాయిలు ఒక్కొక్కరే ఎక్కుతున్నారు.

“రా అమ్మా సంతోషీ. భోంచేశావా?” అని తల ఎత్తాడు. వెనక శ్రీలతను చూశాడు. “ఈ అమ్మాయి ఇక్కడెందుకుంది?”

“నేనే తీస్కొచ్చిన సార్. ఈమె ముంగటనే చెప్పండి. శ్రీలతను నేను వద్దన్ననా?”

“వద్దన్నావని నేనెక్కడన్నాను? అడగలేదన్నాను. అది నిజమే కదా? నాలుగు పేర్లు అడిగావు. నాలుగూ ఇప్పించాను. అయిదో పేరు నీ నోట వచ్చిందా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పు.”

“ఆమె పేరు అడగాల్నా సార్? పప్పుల ఉప్పెయ్యమని వంటోళ్లకు ఎవలన్న చెప్తరా?”

“చెప్పకపోతే కొందరు వెయ్యరమ్మా,” అన్నాడు హరనాథ్, ఇంకో ముద్ద కలుపుకుంటూ.

సంతోషి ఆ బల్లను రెండు చేతులతో పట్టుకుంది. లేకపోతే దాన్ని తిరగేసేదే.

“తెలిసే చేసినవా సార్?” అంది శ్రీలత. ఇప్పటిదాకా సంతోషి మీద ఉన్న ఆమె చూపు మెల్లగా ఆయన మీదికి తిరిగింది. “నాగ్‌పూర్ సంగతి ఇంక మర్శిపోలేవు గదా నువ్వు?”

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. పోయినేడు నాగ్‌పూర్ క్యాంపులో ఒక అమ్మాయి నెలసరి నొప్పితో కూలబడితే, ‘ఆట ఇష్టం లేకపోతే ఇంట్లో కూర్చోండి, నాటకాలు వద్దు’ అన్నాడాయన. జట్టంతా తల దించుకుంటే శ్రీలత ఒక్కతే నిలబడి, ‘మీ ఇంట్ల ఆడోళ్లకు గూడ గిట్లనే చెప్తరా సార్?’ అని అడిగింది. విషయం సెలెక్షన్ కమిటీ అధ్యక్షురాలు రుక్మిణమ్మ దాకా పోయింది. ఆమె అందరి ముందూ ఆయనతో ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పించింది.

“అప్పటి విషయం అప్పుడే అయిపోయింది,” అన్నాడు హరనాథ్. ముద్ద మాత్రం నోటిదాకా పోలేదు.

“అయిపోలే,” అంది సంతోషి. “ఇయాల అయిపోతది. సరే సార్, పదిహేను మందిని మీరు తీస్కున్నరు. పదకొండు మంది నా చేతిల ఉన్నరు. టాస్‌కు పోయేది నేను. శ్రీలత జాగాల మీరు తెచ్చిన ఆ తుక్కుగూడ పిల్ల యామినిని ఒక్క మ్యాచ్ గూడ ఆడనియ్య. నీళ్లు మోపిస్త. ఏం చేస్తరో చేసుకోండి.”

“పదకొండు మందిని కెప్టెన్, కోచ్, మేనేజర్ కలిసి అనుకుంటారమ్మా. ఈ టూరుకు మేనేజర్‌ని నేనే. కోచ్ నా మాట కాదనడని నీకు తెలుసు. ఇద్దరం ఒక పక్క, నువ్వు ఒక పక్క.” ఆయన మంచినీళ్లు తాగి గ్లాసు నెమ్మదిగా పెట్టాడు. “అప్పటికీ నీ కోపం తగ్గకపోతే, టాస్‌కు వెళ్లడానికి అరుణ ఉంది. పొడుగైన పిల్ల. కెప్టెన్ బ్లేజరు ఆమెకు బాగా నప్పుతుంది.”

“ఏంది లొల్లి?” అని గుమ్మంలోంచి గొంతు వినిపించింది. “బస్సు దాంక ఇనొస్తుంది.”

రుక్మిణమ్మ. జరీ లేని నూలు చీర, కాళ్లకు ఆట బూట్లు. అరవై దాటినా నడకలో ఇంకా స్లిప్‌లో నిలబడే మనిషి వాటం పోలేదు. జట్టును సాగనంపడానికి వచ్చిందామె. సంతోషికి పదమూడేళ్లప్పుడు మొదటి బ్యాటు చేతికిచ్చింది ఆమే. సంతోషి బల్ల వదిలి ఆమె వైపు తిరిగింది.

“మేడం, మీరు గూడ శ్రీలతను వద్దన్నరా?”

“నేనెందుకు వద్దంట? నువ్వు వద్దన్నవ్ గదా.”

“నేనా!”

“ఈయన చెప్పిండు. ‘కెప్టెన్ ఈ అమ్మాయి గురించి ఒక్క మాట గూడ మాట్లాడలే, అర్థం చేసుకోండి’ అన్నడు. నేను అర్థం చేసుకున్న. మీ ఇద్దరికి ఏదో చెడిందనుకున్న. కెప్టెన్‌కు పడని మనిషిని కెప్టెన్ నెత్తిన పెట్టొద్దు, అది నా పద్ధతి. నేను కెప్టెన్‌గ ఉన్నప్పుడు నాకు గట్ల పెట్టి ఏడిపించిన్రు. అందుకే నేనే ముందు చెయ్యెత్తిన. నన్ను చూసి మిగిలిన ముగ్గురు ఎత్తిన్రు.”

ఇంతవరకు సంతోషి తన శత్రువులు ఎవరో ఒకరు శ్రీలతను నరికేశారనుకుంది. నరికింది తన మీద ప్రేమ ఉన్న మనిషి. అదీ తన కోసమే. ఈ దెబ్బకు ఎటు తిరిగి అరవాలో కూడా ఆమెకు తెలియలేదు.

“నాకొక్క ఫోన్ చెయ్యకపోతిరా మేడం? ఒక్క ఫోన్!”

“సెలెక్టర్లు కెప్టెన్‌తోని మాట్లాడొద్దు. అంత కన్వీనర్ ద్వారానే పోవాలె. సిఫార్సులు ఆగాల్నని ఆ రూలు పెట్టింది నేనే.” రుక్మిణమ్మ ముఖం నల్లబడింది. ఆమె హరనాథ్ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. “అర్థం చేసుకోండి అన్నవ్. ఏం అర్థం చేసుకోమన్నవ్ హరనాథ్?”

“మీరేం అర్థం చేసుకున్నారో నాకెలా తెలుస్తుంది మేడం? నేను అబద్ధం ఒక్కటి కూడా ఆడలేదు.”

“థూ!” అంది రుక్మిణమ్మ. ఆమె నోట ఆ మాట విన్నవాళ్లు ఆ సంఘంలో అంతవరకు ఎవరూ లేరు.

శ్రీలత గోడకు ఆనుకుని నిలబడింది. కోపమంతా ఎక్కడ దిగబెట్టాలో తెలియనట్టు చున్నీ కొసను మెలితిప్పుతోంది. “ఇప్పుడేం చేస్తరు మేడం? ఈయన తప్పని తెలిసింది. నేను ఇంటికే పోవాల్నా?”

“జట్టు విమానం ఎక్కేదాంక అధ్యక్షురాలిగ నేను పేరు మార్చొచ్చు. కానీ ఉట్టిగ మార్చనీకి లేదు. పదిహేనుల ఒకరు దెబ్బతోని ఆడలేని స్థితిల ఉండాలె. లేకుంటే ఎవలన్న తమంత తాము తప్పుకోవాలె.”

“గట్లయితే నేను తప్పుకుంట,” అంది సంతోషి.

ఆ మాట నోట్లోంచి వచ్చేలోపే హరనాథ్ చెయ్యి బల్ల మీది ఫోన్ దగ్గరికి పోయింది. “తొందరపడకమ్మా,” అంటూనే వేలితో నంబరు వెతుకుతున్నాడు. “కానీ నీ నిర్ణయం అదే అయితే మేము గౌరవించాలి. అరుణకు చెబుతాను.”

సంతోషి ఆ వేలినే చూసింది. ఈ మనిషికి కావాల్సింది శ్రీలత ఒక్కతే కాదు. శ్రీలతను కొడితే సంతోషి ఎగిరి పడుతుందని, ఎగిరి పడి తనంతట తానే పక్కకు పోతుందని ఆయన లెక్క.

“నోర్ముయ్!” అని అరిచింది శ్రీలత. అరిచింది హరనాథ్ మీద కాదు, సంతోషి మీద. “నువ్వు లేని జట్టుల నాకేం పని? నేను బాలేస్తుంటే ఫీల్డు పెట్టేది ఎవలు, ఆ అరుణనా? ఆమెకు మిడాన్ ఏడుంటదో తెల్వదు!”

“కూసో సంతోషీ,” అంది రుక్మిణమ్మ. “నువ్వు పోతే ఈయన పండుగ చేస్కుంటడు.”

హరనాథ్ ఫోన్ కింద పెట్టాడు. రుమాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. “మరి ఇంకేముంది, రెండో దారి. మనీషా వేలు వాచిందని మొన్ననే చెప్పాను. ఆ పిల్లను పంపవద్దన్నాను. ‘ఒంటి చేత్తోనైనా కీపింగ్ చేస్తది సార్, నాది పూచీ’ అని పట్టుబట్టింది నువ్వే సంతోషీ. బస్సులో కూర్చుని ఉంది. వెళ్లి దించు. మీ కెప్టెన్ ఇచ్చిన పూచీ ఎంతదో మిగిలిన పద్నాలుగు మందీ చూస్తారు.”

సంతోషి గుమ్మం వైపు తిరిగింది. బ్యాగు ఇంకా ఆమె భుజానే ఉంది.

* * *

హోటల్ మెట్ల దగ్గర శ్రీలత ఆమెను ఆపింది.

“మనీషాను దించి నన్ను ఎక్కిస్తవా?”

“నీకొద్దా?”

శ్రీలత పెదవి కొరుక్కుంది. అబద్ధం చెప్పడం ఆమెకు రాదు. “కావాలె అక్కా. శానా కావాలె. కానీ గిట్ల గాదు. ఆ పోరి ఏం చేసింది?”

“నిజంగ దెబ్బ ఉంటే దిగుతది. నేను దెబ్బను చూడకుంటనే పూచీ ఇచ్చిన. ఆ తప్పు నాది. పోయి చూస్త.”

బస్సు ఎక్కగానే లోపల పాట ఆగిపోయింది. అందరికీ ఏదో తెలుసు, ఎంత తెలుసో ఎవరికీ తెలియదు. మనీషా మూడో వరుసలో కిటికీ పక్కన ఉంది. కుడిచేతి ఉంగరం వేలికి లావుగా తెల్లటి కట్టు.

“వేలు ఎట్లుంది?”

“తగ్గిందక్కా. ఇండోర్ పోయేసరికి పూరా తగ్గుతది.”

“చూపియ్యి.”

మనీషా చెయ్యి ఒళ్లోకి లాక్కుంది. “కట్టు ఇప్పొద్దన్నరక్కా.”

“ఎవలన్నరు? ఏ దవాఖానల చూపించినవ్?”

మనీషా కిటికీ వైపు తిరిగింది. ఆ తిరగడం సంతోషికి నచ్చలేదు. శ్రీలత బ్యాగు జిప్పు లాగింది. లోపల చెయ్యి పెట్టి బంతి తీసింది. మాట కూడా అనకుండా, అయిదడుగుల దూరం నుంచి, చెయ్యి భుజం వెనక్కి పోయేలా విసిరింది.

కీపర్ చేతులకు ఆలోచన ఉండదు. బంతి వస్తే లేస్తాయి. మనీషా రెండు చేతులూ ముఖం ముందుకు వచ్చి, ఠప్పుమని బంతి వాటిలో ఇరుక్కుంది. కట్టు ఉన్న వేలు మిగిలిన వేళ్లతో కలిసి దాని చుట్టూ బిగుసుకుంది. ఆమె ముఖంలో నొప్పి లేదు. ఒక్క క్షణం తర్వాత భయం వచ్చింది.

మనీషా బంతిని ఒళ్లోకి వదిలేసింది.

“కట్టు ఇప్పు,” అంది సంతోషి.

మనీషా విప్పింది. ఒకటి, రెండు, మూడు చుట్లు. లోపల వేలు చెమటకు పాలిపోయి ఉంది. వాపు లేదు, కమిలిన మచ్చ కూడా లేదు.

“సార్ కట్టుకొమ్మన్నడక్కా,” అంది మనీషా. కళ్లలో నీళ్లు తిరిగాయి. “‘మీ కెప్టెన్‌కు నువ్వు యాదికుండవ్. దెబ్బ ఉందంటే నీ కోసం కొట్లాడుతది. ఆమె గుణం నాకెరుక’ అన్నడు. నాకు జాగ దొరుకుతదో లేదోనని భయమైంది. కట్టుకున్న. శ్రీలతక్క పోతదని నాకు తెల్వదు. మా అమ్మ తోడు.”

సంతోషి మెల్లగా తల తిప్పి మిగిలిన సీట్ల వైపు చూసింది. ఓపెనర్ బూటు లేసు కట్టుకోవడానికి వంగింది. జ్వరమన్న ఫాస్ట్ బౌలర్ కళ్లు మూసుకుని నిద్ర నటించింది. ఎంత నీటుగా చేశాడు! ఊగని జాగాలను ఊగుతున్నట్టు చూపించాడు. నాలుగు పేర్లతో ఆమె నోరు నింపేశాడు. అయిదో పేరుకు అందులో సందు లేకుండా చేశాడు. ఆమె కొట్లాట గుణమే ఆయనకు పనిముట్టయింది.

 సంతోషి మనీషా మీద అరవలేదు. అరిస్తే అదే ఆయనకు కావాలి.

“ఈ మాట రుక్మిణమ్మ మేడం ముంగట చెప్తవా?”

“చెప్తే సార్ నన్ను ఆడనిస్తడా?”

“చెప్పకుంటే నన్ను కెప్టెన్ అని పిలువకు. అక్కా అని గూడ పిలువకు.”

మనీషా ముక్కు తుడుచుకుని లేచింది. నడవలోకి ఒక అడుగు వేసింది. రెండో అడుగు పడలేదు. ముందు వరుసలోంచి ఒక పొడుగాటి కాలు అడ్డంగా వచ్చి ఎదుటి సీటు అంచు మీద ఆనింది. మోకాలికి పట్టీ వేసి ఉంది. వంగడం లేదని హరనాథ్ చెప్పిన మోకాలు అది. ఇప్పుడు వంగింది, చాచుకుంది కూడా.

“కూసో మనీషా,” అంది అరుణ. “నీకెందుకు పెద్దోళ్ల పంచాయితీ? ఒకరు పోతే ఒకరొస్తరు, ఆటంటే గంతే. ఇప్పుడు దిగినోళ్లు మల్ల ఎక్కరు. సార్ చెప్పిండు.”

“కాలు తియ్యి అరుణా.”

“తియ్య. అందరి ముంగట ఇంకెన్నేండ్లు నువ్వే హీరోయిన్‌వి? నీకు పోట్లాడనీకి రోజొకరు కావాలె. మాకు ఆట కావాలె. డ్రైవరన్నా, ఫ్లైటుకు టైమైతుంది. బండి తియ్యి.”

డ్రైవరుకు ఇద్దరు కెప్టెన్లలో ఎవరి మాట వినాలో తెలియలేదు. ఆయన బండి తీయడానికే అలవాటు పడ్డ మనిషి కాబట్టి తీశాడు. బస్సు గేటు దాటి సర్వీసు రోడ్డు మీదికి తిరిగింది. వెనక శ్రీలత పరుగెత్తి వచ్చి బస్సు పక్కన అరచేతులతో దబదబా బాదింది. “అక్కా! సంతోషక్కా!” ఆ పిలుపులో గేటు దగ్గర ఉన్న కోపం ఒక్క పిసరు కూడా మిగల్లేదు. జీవితం కళ్ల ముందే వెళ్లిపోతున్నవాళ్ల గొంతది.

సంతోషి అరుణ కాలిని దాటలేదు. వెనక్కి తిరిగి రెండంగల్లో డ్రైవరు పక్కకు పోయింది. వంగి తాళం చెవి తిప్పి లాగేసింది. బస్సు దగ్గి, కుదిపి, రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. వెనక విమానాశ్రయానికి పోయే కార్లన్నీ ఒక్కసారి హారన్లు మొదలుపెట్టాయి.

“అమ్మా, ఏంది గిది! నా కొలువు పోతది!” అని మొత్తుకున్నాడు డ్రైవరు.

“నీ కొలువు నేను కాపాడుతనే అన్నా. జర తలుపు తెరువు.”

తలుపు తెరుచుకుంది. కింద శ్రీలత రొప్పుతూ నిలబడి ఉంది. దూరాన హోటల్ గేటులోంచి హరనాథ్ వస్తున్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన పరుగెత్తుతున్నాడు. ఆయన వెనక రుక్మిణమ్మ నడిచి వస్తోంది.

సంతోషి బస్సు ముందు భాగంలో నిలబడి తాళం చెవి పిడికిట్లో బిగించింది.

“ఇన్నొద్దులు నన్ను కెప్టెన్ అన్నరు. ఒక్క పేరు ఎంచుకునే హక్కు నాకు ఇయ్యలే. ఇయాల నేనే ఎంచుకుంట. ఎవలకు దెబ్బ లేకున్నా కట్టిచ్చిన్రో, ఎవలకు జ్వరం లేకున్నా తెప్పిచ్చిన్రో, వాళ్లు దిగి మేడం ముంగట చెప్పుండ్రి. చెప్పినోళ్లు నా జట్టు. కూసున్నోళ్లు హరనాథ్ సార్ జట్టు. నా పదకొండు మంది ఎవలో నాకిప్పుడే తెలవాలె.”

ఎవరూ కదల్లేదు. మనీషా అరుణ కాలి అవతలే నిలబడి, విప్పిన కట్టును వేళ్లతో నలుపుతోంది. ఓపెనర్ తల ఎత్తలేదు. హారన్లు చెవులు పగలగొడుతున్నాయి. హరనాథ్ బస్సుకు పది గజాల దూరంలోకి వచ్చేశాడు. “అరుణా! తలుపు ముయ్యి!” అని ఆయన అరిచాడు. ఆ గొంతు పెరగడం ఆ జట్టులో ఎవరూ ఇంతకుముందు వినలేదు.

అప్పుడు అన్నిటికంటే వెనక సీట్లోంచి ఎవరో లేచారు.

తుక్కుగూడ యామిని. శ్రీలత జాగాలో వచ్చిన పిల్ల. పొద్దుటి నుంచి ఆమెతో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు, పక్క సీట్లో కూడా ఎవరూ కూర్చోలేదు. కిట్ భుజానికి తగిలించుకుని, నడవలో అందరి మోకాళ్లకూ తగులుతూ ముందుకు వచ్చింది. అడ్డంగా ఉన్న కాలి ముందు ఆగి అరుణ కళ్లలోకి చూసింది.

“కాలు తియ్యక్కా. నేను దిగుత.”

“నీకేం పుట్టిందే? నిన్ను తీస్కున్నదే మేము!” అంది అరుణ.

“నన్నెందుకు తీస్కున్నరో నీకు సగమే తెలుసు,” అంది యామిని. “మిగిలిన సగం తెలిస్తే, నువ్వు గూడ నాతోని దిగుతవ్.”